కంప్యూటర్ చెప్పిందే వేదమా?

"కంప్యూటర్ అబద్ధం చెప్తుందామ్మా?" అన్నారు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు, మూడో అంతస్తు పిన్నిగారితో. 2024 ఆగస్టు ఆఖర్లో మాట ఇది. ఆవిడ రిటైరైన టీచరు, ఒంటరిగా ఉంటారు. మెయింటెనెన్స్ డబ్బు ఏ నెలా పదో తారీఖు దాటనివ్వరు. అలాంటావిడకి జూలై నెల డబ్బు 28 రోజులు ఆలస్యమంటూ ఫైన్ పడింది. "ఎనిమిదో తారీఖునే ఇచ్చానమ్మా" అంటూ ఆవిడ నా వంక చూశారు. లెక్కలు రాసేది నేనే మరి! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా సంఘం లెక్కలు మా ఇంటి కంప్యూటర్లో ఉండవు. ఎక్కడో ఉన్న సర్వర్‌ని అద్దెకు తీసుకున్నారు. నేను ఇంట్లో కూర్చుని నెట్ ద్వారా దాన్ని తెరిచి, అందులోని ఎక్సెల్‌లో పద్దులు రాస్తుంటాను. అప్పటికి రెండు నెలలుగా అక్కడ ఓ తలనొప్పి నడుస్తోంది. ఎన్ని రోజులు ఆలస్యమో లెక్క కట్టే గడిలో కొందరికి అంకె బదులు 'వాల్యూ' అంటూ ఎర్రర్ వచ్చేది. అదే ఫైలు ఇంటి కంప్యూటర్లోకి దింపి తెరిస్తే మాయం! మళ్ళీ సర్వర్లో చూస్తే యథాప్రకారం. "ఏదో నొక్కేసి ఉంటావు" అన్నారు మావారు. "లేడీస్‌కి ఇవన్నీ ఎందుకండీ" అన్నారు కమిటీలో ఒకాయన. నిజం చెప్పొద్దూ, తప్పు నాదేనేమోనని నేనూ అనుకున్నాను. ఫైలు మూసి తెరిచాను, సూత్రం చెరిపి మళ్ళీ రాశాను. ఊహూఁ, లాభం లేదు.

పిన్నిగారి మొహం చూశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఓ కాగితం తీసుకుని, ఎర్రర్ వచ్చిన తేదీలన్నీ వరసగా రాశాను. 18/07, 21/07, 13/08... అన్నీ 12 దాటిన తారీఖులే! 12 లోపు వాటికి ఒక్కదానికీ ఎర్రర్ లేదు. ఏడాదికి నెలలు పన్నెండే కదా! అప్పుడు తట్టింది. ఆ సర్వర్ అమెరికా పద్ధతిలో ఉంది. వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 18/07 అంటే దాని లెక్కలో పద్దెనిమిదో నెల. అలాంటి నెల లేదు గనక దాన్ని తేదీగా కాకుండా ఉత్త అక్షరాలుగా ఉంచేసింది. దాంతో తీసివేత చెయ్యమంటే ఎర్రర్ రాక ఏమొస్తుంది? మా ఇంటి కంప్యూటర్ మన పద్ధతిలో ఉంది గనక దానికి అర్థమైంది.

అసలు ప్రమాదం ఎర్రర్ రాని చోట ఉంది. పిన్నిగారి 08/07ని సర్వర్ నిశ్శబ్దంగా ఆగస్టు 7 చేసేసింది. దాని తెర మీద 8/7 అనే కనిపిస్తుంది, అనుమానమే రాదు. ఇంట్లో తెరిచి చూస్తేనే 07-08 అని బయటపడింది.

సర్వర్ కంట్రోల్ ప్యానెల్లో 'రీజియన్' దగ్గర ఇంగ్లీష్ (ఇండియా) అని మార్చి, ఎక్సెల్ మూసి తెరిచాను. కొత్త పద్దులు సరిగ్గా పడ్డాయి. పాతవి వాటంతటవే మారవు. రసీదు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో తేదీ మళ్ళీ కొట్టాను. ఇప్పుడు నెలని అంకెతో రాయను, 8-జూలై అన్నట్టు ఇంగ్లీషులో నెల పేరే కొడతాను. అప్పుడు ఏ దేశం కంప్యూటరూ పొరబడదు.

ఇది మనలాంటి వాళ్ళకే జరిగేది కాదు. 'మార్చ్1', 'సెప్ట్1' అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, 2020లో జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఆ పేర్లనే మార్చింది. అదే ఏడాది ఇంగ్లండులో 15,841 కరోనా కేసులు లెక్కలోకి రాకుండా ఉండిపోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైల్లో 65,536 వరసలకి మించి పట్టకపోవడమే కారణం. చదువుకున్న శాస్త్రజ్ఞులకే ఈ అవస్థ అయితే, "ఆడవాళ్ళు ముట్టుకున్నారు గనకే పాడైంది" అనడం ఏం న్యాయం?

కంప్యూటర్‌ని నమ్మొద్దని నేననను. నాకది రోజూ పనికొచ్చే వస్తువే. కానీ మనిషి మాటకీ మిషను మాటకీ తేడా వస్తే, ముందు మనిషిని దొంగని చెయ్యకండి. రసీదు చూడండి. ఎర్రర్ వస్తే మీ మీదే నింద వేసుకుని కూర్చోకండి. ఎక్కడ వస్తోందో, ఎక్కడ రావట్లేదో కాగితం మీద రాయండి. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక ఉన్న మనకి ఇదో లెక్కా?

ఫైన్ రద్దయిందని చెప్పడానికి వెళ్తే పిన్నిగారు కాఫీ ఇచ్చి, "డబ్బుకి కాదమ్మా, నా మాట నమ్మలేదే అని బాధపడ్డాను" అన్నారు. సెక్రటరీగారు కూడా వచ్చి ఆ మాట వింటే బాగుండేది. ఏమంటారు?