లెక్కల మాస్టారి గులాబీలు

మా మిత్రుడొకాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. గులాబీలకు అంటు కట్టడమంటే ఆయనకు ప్రాణం. అంటు అతుకుతుందో లేదోనని నెల్లాళ్లయినా ఓపిక పడతారు. చిగురు కనబడిందా, వంటింట్లో ఉన్న భార్యను కేకేసి మరీ చూపిస్తారు.

మొన్న ఆదివారం ఆ పెరట్లోనే కూర్చుని, "తొమ్మిదో తరగతి వాళ్లంతా మొద్దులండీ! చెప్పింది ఒక్క ముక్క అర్థం చేసుకోరు" అని వాపోయారు.

నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొచ్చారు. ఆయనా బడిపంతులే, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయనకు తెలియదు. అది వాళ్ల లోపం అనుకోలేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తానే సవర నేర్చుకున్నారు. ఆ సరదా వ్యాకరణం (1931), నిఘంటువు (1938) దాకా పోయింది. సవర పిల్లలకు బడి పెట్టి, వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు.

ఇదంతా చెబితే మాస్టారు నవ్వారు. "మీకేమండీ, కాలేజీవారు! నాకు కుండీలు ఇరవై. పిల్లలు అరవై మంది."

న్యాయమే. నేనేం తక్కువ తిన్నానా? ఆ పొద్దున్నే ఓ కుర్రాడి తెలుగు పేపరు మీద, "ఇది మీ ఊరి యాస, రాయకూడదు" అని ఎర్రసిరాతో గీత కొట్టి వచ్చాను.