ఎర్ర మరక

గుంటూరులో నేలమీద ఎర్రటి మరక కనిపిస్తే ఎవరికైనా ముందు అనుమానం వచ్చేది మిరపకాయ మీదే. మా ఇంట్లోనూ అదే జరిగింది. పోయిన మార్చిలో ఒకనాడు పొద్దున్నే పాలకోసం వెళ్ళిన మా వారు గేటు దగ్గరనించే కేకేశారు.

"ఏమోయ్, మీ అమ్మగారిచ్చిన పండుమిరపకాయ పచ్చడి జాడీ నిన్న కార్లోంచి దింపావా, లేదా?"

"దింపాను. వంటింట్లో వుంది."

"జాడీ దిగింది గాని నూనె దిగినట్టు లేదు. కారు కింద మడుగు కట్టింది."

మా అమ్మ వాసెన కట్టిన జాడీ వొలికిందంటే నేను నమ్మను. వెళ్ళి చూశాను. రూపాయి బిళ్ళంత మరకలు మూడు. ఎర్రగా, పల్చగా, నిగనిగలాడుతున్నాయి. వేలితో అద్ది వాసన చూశాను. మెంతిపిండి లేదు, వెల్లుల్లి లేదు. మా అమ్మ పరువు దక్కింది గాని, నా గుండెల్లో రాయి పడింది. అది ఆటోమాటిక్ గేర్‌బాక్సు ఆయిలు.

నాలుగు చుక్కల ఆయిలుకి గుండెల్లో రాయి ఎందుకంటారా? చెబుతాను. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. 1995లో మనదేశంలో పల్స్ పోలియో మొదలయ్యేసరికి నేను హైస్కూల్లో వున్నాను. ఎడమకాలు నా మాట వినదు. వుద్యోగం చిలకలూరిపేటలో, కాపురం గుంటూరులో. పన్నెండేళ్ళు బస్సులో తిరిగాను. బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తో, రెండు కాళ్ళూ సరిగ్గా వున్నవాళ్ళకి తెలియదు. రోజూ ఎవరో ఒకరు చెయ్యందించేవారు. ఒక్కనాడూ ఎవరూ విసుక్కోలేదు. అయినా రోజుకి రెండుసార్లు ఇంకొకరి చెయ్యి కోసం ఎదురు చూడడం మనిషిని లోపల్లోపల చిన్నబుచ్చుతుంది.

మామూలు కారులో క్లచ్చి నొక్కేది ఎడమకాలే. ఆటోమాటిక్ కారులో ఆ పెడల్ వుండదు. కుడికాలొక్కటీ చాలు. ఏడేళ్ళకిందట మా తమ్ముడు వెతికి వెతికి అటువంటి పాత కారొకటి కొనిపెట్టాడు. ఇప్పుడు దానికి పద్ధెనిమిదేళ్ళు. పదిహేనేళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకున్నాం. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. అయితేనేం? నా వేళకి నేను బయలుదేరి నా వేళకి నేను ఇల్లు చేరుతున్నాను. అంచేత అది వొట్టి కారు కాదు. నా ఎడమకాలు.

ఆటోమాటిక్ గేరు ఎలా పనిచేస్తుందని మా స్టాఫు రూములో నన్ను చాలామంది అడిగారు. ఇంట్లో రెండు టేబుల్ ఫాన్లుంటే ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే స్విచ్చి వేసి చూడండి. ఆ గాలికి రెండోది కూడా మెల్లిగా తిరగడం మొదలెడుతుంది. గాలికి బదులు ఆయిలూ, ఫాన్లకి బదులు ఒక మూసిన డొప్పలో రెక్కల చక్రాలూ వున్నాయనుకోండి. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే, ఆ ఆయిలు వడికి రెండోది తిరిగి బండిని కదిలిస్తుంది. హెర్మన్ ఫాటింగర్ అనే జర్మను ఇంజనీరు ఓడలకోసం ఆలోచించి 1905లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే పేరుతో క్లచ్చి పెడల్ లేని గేర్‌బాక్సు పెట్టారు.

చెప్పొచ్చేదేమిటంటే, ఇందులో ఆయిలు వొట్టి కందెన కాదు. బలాన్ని మోసేది అదే. గేర్లు మార్చే లోపలి క్లచ్చిలను నొక్కి పట్టుకునేది అదే. లోపలి వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోయేదీ అదే. ఒకప్పుడు ఈ ఆయిల్లో స్పెర్మ్ తిమింగలాల నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక రసాయన శాస్త్రజ్ఞులు వేరే దినుసులు వెతుక్కోవలసి వచ్చింది. ఇంజను ఆయిలుతో పొరపడకుండా, కారితే వెంటనే తెలిసేటట్టు, చాలా రకాలకి ఎర్రరంగు కలుపుతారు. ఈ ఆయిలు తగ్గితే లోపలి పంపు గాలి పీలుస్తుంది. క్లచ్చిలు పట్టు తప్పి జారతాయి. జారితే కాలతాయి. అవి కాలితే పాతబండి ఖరీదుకి మించిన ఖర్చు.

సరే, వైద్యం మొదలయింది. మా వీధి చివరి మెకానిక్ కుర్రవాడు వంగి చూసి, "ఛాంబరు దగ్గర కారుతోందండీ" అన్నాడు. గేర్‌బాక్సు అడుగున ఆయిలు నిలిచే రేకు తొట్టిని వాళ్ళు ఛాంబరంటారు. బోల్టులన్నీ బలంకొద్దీ బిగించి, అంచు చుట్టూ నల్లటి సీలెంటు పూశాడు. మూడోనాడు మరకలు మూడు కాదు, అయిదు.

తరవాత ఒక పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళాం. అక్కడి మెకానిక్ టార్చి వేసి రెండు నిమిషాలు చూసి, "ముందు సీలు పోయింది మేడం. గేర్‌బాక్సు దించాలి. దించాక లోపల ఇంకా ఏమేం పోయాయో చెబుతాం. 60,000 దగ్గర పెట్టుకోండి" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడు కాబోలు, "ఈ బండికి అంత దండగ. అమ్మెయ్యండి" అని సలహా కూడా ఇచ్చాడు.

ఆ రాత్రి మా ఇంట్లో అన్నాలు సరిగ్గా సాగలేదు. అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడు ఫీజు జూన్‌లో కట్టాలి. కొత్త కారు మాట ఎత్తే పరిస్థితి కాదు. "పోనీ అమ్మేద్దాం. రోజూ నేనే దింపుతాలే" అన్నారు మా వారు. ఆయనకి పదింటికి బ్యాంకు. నాకు తొమ్మిదిన్నరకి క్లాసు, అదీ నలభై కిలోమీటర్ల అవతల. జరగని పని అని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మంచితనానికి లోటు లేదు. కాని 'దింపుతాను' అనే మాట చెవిన పడగానే నాకు బస్సు మెట్టే కళ్ళముందు నిలిచింది.

మా తమ్ముడు ఫోనులో విని, "అక్కా, తొందరపడకు. ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రిగారున్నారు. ఆయన చూశాక అమ్ముదువుగాని" అన్నాడు. బయలుదేరే ముందు ఆయిలు మట్టం చూసి, తగ్గినంత పోయించమన్నాడు. పోయించి వెళ్ళాం.

ఆ మేస్త్రిగారికి అరవై దాటివుంటాయి. బండికింద దూరలేదు, టార్చి వెయ్యలేదు. నన్ను నీడలో స్టూలు మీద కూచోబెట్టి, "నిలబెట్టినప్పుడు కారుతోందా అమ్మా, తిరిగొచ్చినాక కారుతోందా?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. "రెండు రోజులు కదపకపోతే మరక పడుతోందా?" అన్నారు. దానికీ లేదు. పిల్లలకి ప్రశ్నలిచ్చే వుద్యోగం నాది. సిగ్గుపడ్డాను. "అయితే ముందు అది చూసుకొని రండి తల్లీ. బండి ఎక్కడికీ పారిపోదు" అన్నారాయన.

ఇంటికొచ్చి, పాత ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి కారు కింద పరిచాం. చక్రాలు ఎక్కడుండాలో మా అమ్మాయి పెన్సిలుతో గీతలు గీసింది. శనివారం సాయంత్రం తిరిగొచ్చాక ఒక గంటసేపు చుక్కలు పడ్డాయి. తరవాత ఆగిపోయాయి. కొత్త అట్ట వేశాం. ఆదివారమంతా కారు కదల్లేదు. అట్టమీద ఒక్క చుక్క లేదు. సోమవారం చిలకలూరిపేటనించి వచ్చేసరికి మళ్ళీ మొదలు.

ఈ మాట వినగానే మేస్త్రిగారి మొహం వికసించింది. "ఛాంబరు ప్యాకింగు పోతే నిలబెట్టినప్పుడే ఎక్కువ కారాలమ్మా. ఇంజను ఆపగానే పైనున్న ఆయిలు కిందికి దిగి ఛాంబర్లో మట్టం పెరుగుతుంది. మీ బండి నడిచినప్పుడే కారుస్తోంది. అంటే ఆయిలు వొత్తిడిమీద పోయేచోట చూడాలి" అన్నారు.

అడుగుభాగమంతా డీజిలుతో కడిగించారు. తుడిపించి, గాలి కొట్టించి, బాగా ఆరనిచ్చారు. ఆ తరవాత కుర్రవాణ్ణి పంపి కిరాణా కొట్టునించి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి, గేర్‌బాక్సంతా చల్లారు. నన్నే నడపమని పక్కన కూచున్నారు. హైవేమీద పది కిలోమీటర్లు పోయి వచ్చాం. మిరపకాయ టిక్కీలతో యార్డుకి పోయే లారీలు ఎదురవుతున్నాయి. ఆ ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ తిరిగొచ్చాం.

బండిని పైకెత్తి చూపించారు. ఛాంబరు ప్యాకింగు చుట్టూ పౌడరు తెల్లగా, పొడిగా వుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట, ముందు సీలు పోతే తడిసి వుండవలసినచోట, అక్కడా పొడిగానే వుంది. ఒక్క ఎర్రటి గీత మాత్రం ముందునించి వెనక్కి జారి ఛాంబరు అంచున ఆగింది. ఆ గీత వెంట వేలుపెట్టి మూరెడు ముందుకి పోతే రేడియేటర్ అడుగున ఒక రబ్బరు గొట్టం. గేర్‌బాక్సు ఆయిలు చల్లబడడానికి రేడియేటర్‌లోకి పోయే దారి అది. పద్ధెనిమిది ఎండాకాలాలు చూసిన ఆ గొట్టం ఒడియంలా ఎండి పగిలింది. క్లిప్పు వదులైంది. నడిచేటప్పుడు అక్కడ చిమ్మిన ఆయిలు గాలికి వెనక్కి కొట్టుకుపోయి ఛాంబరు మీద చేరుతోంది. ఆగినప్పుడు ఆ చేరిందే చుక్కలుగా రాలుతోంది.

మేస్త్రిగారు ఇంకో సంగతి కూడా చూపించారు. రేడియేటర్‌కీ దాని ముందుండే ఏసీ జాలీకీ మధ్య దూదీ దుమ్మూ కలిసి పరుపులా పేరుకున్నాయి. పత్తి ట్రాక్టర్ల వెనక ఏడు సీజన్లు నడిచిన ఫలితం. "మన రోడ్లమీద పత్తి గాల్లోనే కాస్తుందమ్మా. గాలి ఆడక ఆయిలు వేడెక్కుతుంది. వేడికి రబ్బరు చస్తుంది" అన్నారు. రెండు గొట్టాలూ మార్చారు. ఆయిలు తగిలితే ఉబ్బిపోయే నీళ్ళ గొట్టం కాదు, ఆయిలుకి తట్టుకునే గొట్టమే వెయ్యాలట. క్లిప్పులు కొత్తవి వేసి, జాలీ శుభ్రం చేయించి, బండి పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోశారు. బ్రేకు తొక్కి ఒక్కొక్క గేరులోకీ మార్చి చూసి, వేడెక్కాక మట్టం చూశారు. అంతా కలిపి 2,600 రూపాయలు.

60,000 ఎక్కడ, 2,600 ఎక్కడ! అయితే నన్ను పట్టుకున్నది లెక్క కాదు, ఆయన పద్ధతి. తెలుగు వాక్యంలో చాలాసార్లు కర్త కనిపించదు. 'వచ్చాను' అంటే ఎవరొచ్చారో క్రియ చివర చూసి పోల్చుకోవాలి. ఇరవయ్యేళ్ళుగా ఈ మాట పాఠం చెబుతున్నాను. నా ఇంటిముందు మరక పడితే మాత్రం, కనిపించిన చోటే కారుతోందని నేనూ నమ్మాను.

ఇటువంటి బళ్ళున్న ఇళ్ళవాళ్ళకి నాలుగు మాటలు. మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేలమీద వుండాలి, ఆయిలు వేడెక్కి వుండాలి. చాలా బళ్ళకి ఇంజను నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపాక చూడాలి, కొత్త బళ్ళు కొన్నిటికి గేజే వుండదు. అందుకని పుస్తకం చదవండి. ఆయిలు ఎర్రగా, తేటగా వుంటే మంచిది. గోధుమరంగు తిరిగి మాడు వాసన వేస్తే క్లచ్చిలు కాలుతున్నాయన్నమాట. పాలు కలిసినట్టు గులాబీ రంగులో వుంటే రేడియేటర్ నీళ్ళు అందులో కలుస్తున్నాయి. ఇక ఆ బండి నడపకండి. గేరు వేశాక బండి కదలడానికి ఆలస్యమైనా, ఇంజను రొద పెరిగి బండి సాగకపోయినా అదే మాట. మంచిదని ఎక్కువ పోస్తే నురగ కట్టి గాలి రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఒట్టి జాకీమీద నిలబెట్టిన బండి కింద ఎవర్నీ దూరనివ్వకండి.

ఇప్పుడు మా కారు కింద అట్ట శుభ్రంగా వుంది. మా వారు రోజూ పొద్దున్నే పాలకి వెళుతూ వంగి చూస్తున్నారు. మొన్న ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్ళి మళ్ళీ పచ్చడి తెచ్చుకున్నాం. ఈసారి జాడీని ఒళ్ళో పెట్టుకుని కూచున్నది ఆయనే. బండి నడిపింది నేను.