మూడు వర్గాల లెక్కలో స్త్రీలు ఎక్కడ?

ప్రార్థించేవారు, యుద్ధం చేసేవారు, శ్రమించేవారు - ఐరోపా భూస్వామ్య సమాజం గురించి మన అధ్యయన తరగతుల్లో మొదట వినపడే విభజన ఇదే. 1020లలో ఫ్రాన్స్‌లోని లాన్ నగర బిషప్ అడల్‌బెరో దీన్ని దైవనిర్ణయంగా సమర్థించాడు. ఈ లెక్కలో స్త్రీకంటూ విడిగా చోటు లేదు. చర్చి ఆమెను కన్య, భార్య, వితంతువు అనే వేరే కొలమానంతో కొలిచింది. పురుషుడి స్థానాన్ని అతని పని నిర్ణయిస్తే, స్త్రీ స్థానాన్ని పురుషుడితో ఆమెకున్న సంబంధం నిర్ణయించింది.

మరి వర్గ దోపిడీ ఆమెను వదిలిపెట్టిందా? ఇంగ్లండులో అర్ధబానిస రైతు కూతురికి పెళ్లి చేయాలంటే ప్రభువుకు 'మెర్చెట్' అనే రుసుము కట్టాలి. ఆమె వేరే ప్రభువు భూముల్లోకి కాపురానికి వెళితే ఆమె శ్రమా, ఆమెకు పుట్టబోయే బిడ్డల శ్రమా చేజారిపోతాయన్నది ప్రభువు లెక్క. పెళ్లి కాకుండా సంబంధం ఉందని తేలితే 'లేర్‌వైట్' అనే జరిమానా. ఒక కుటుంబం స్వతంత్రమైనదా కాదా అన్న వివాదం కోర్టుకెక్కితే, మెర్చెట్ కట్టడం బానిసత్వానికి ముఖ్యమైన రుజువయ్యేది. వర్గాల జాబితాలో లేని స్త్రీ పెళ్లే ఆ కుటుంబపు వర్గానికి ముద్ర అయిందన్నమాట!

మన సభల్లో తరచూ వినిపించే 'మొదటి రాత్రి హక్కు' మధ్యయుగ ఐరోపాలో చట్టబద్ధంగా ఉండేదనడానికి చరిత్రకారులకు ఆధారాలు దొరకలేదు. తెలంగాణ గడీలలో ఆడబాపల అనుభవం తెలిసిన మనకు ఆ కథ సహజంగానే నమ్మబుద్ధేస్తుంది. ప్రభువుల అత్యాచారాలు లేవని కాదు. కానీ కథను పట్టుకుని వేలాడితే, కోర్టు దస్తావేజుల్లో పైసలతో సహా నమోదైన రోజువారీ దోపిడీ మన కళ్ల పడదు.

1215 నాటి మాగ్నా కార్టా, వితంతువును బలవంతంగా మళ్లీ పెళ్లికి ఒప్పించరాదంది. అయితే ఆమె తనంతట తాను చేసుకోవాలన్నా ప్రభువు అనుమతి ఉండాలంది. పైగా ఆ పత్రం స్వతంత్రులకిచ్చిన హామీలు అర్ధబానిస స్త్రీ దాకా రాలేదు. 1348లో వచ్చిన ప్లేగు వల్ల కూలీలు కరువయ్యాక, 1349 నాటి రాజాజ్ఞ మాత్రం అరవై ఏళ్ల లోపు ఉండి, బతకడానికి సొంత భూమిగానీ ఆధారంగానీ లేని పురుషులతో పాటు స్త్రీలూ పాత కూలిరేట్లకే పనిచేయాలని స్పష్టంగా పేర్కొంది. హక్కుల దగ్గర కనబడని స్త్రీ చాకిరీ దగ్గర పేరుపెట్టి మరీ కనబడింది.

'ముందు వర్గం, తర్వాత స్త్రీ సమస్య' అనే వాదన ఉద్యమాల్లో మనం ఎన్నోసార్లు విన్నాం. వర్గమే స్త్రీ పెళ్లి మీద, కాన్పు మీద, శ్రమ మీద నిలబడినప్పుడు ముందూ వెనకా ఎలా విడదీస్తాం? పొలంలో పొద్దంతా వంగి పనిచేసే స్త్రీని 'రైతు భార్య' అని రాసుకునే ప్రతి సర్వేలోనూ ఆ పాత మూడు వర్గాల లెక్క బతికే ఉంది. కుటుంబ పెద్ద పేరుతో ఆగిపోకుండా భూమి ఎవరి పేరున ఉంది, కూలి ఎవరి చేతికొస్తోంది, పెళ్లి ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్నలను మన సర్వే పత్రాల్లో మొదటి పేజీకి తెద్దాం.