శ్రీకాకుళంలో మన వార్డు మనిషి ఎవరు?

శ్రీకాకుళం టౌన్‌లోనే పుట్టి పెరిగిన, ముప్పై ఎనిమిదేళ్ల లోపు మనిషిని ఎవరినైనా అడిగి చూడండి, "మీ వార్డు కౌన్సిలర్‌కి ఎప్పుడైనా ఓటేశారా?" అని. ఎమ్మెల్యేకి వేశానంటారు, ఎంపీకి వేశానంటారు. కౌన్సిలర్‌కి వేసినవాళ్లు దొరకరు. ఆ ఊళ్లో ఆఖరిసారి మున్సిపల్ ఎన్నికలు జరిగింది 2005లో. ఆ కౌన్సిల్ గడువు 2010లో ముగిసింది. అప్పట్నుంచి 2025 దాకా, పదిహేనేళ్లు ప్రత్యేకాధికారి పాలనే. మధ్యలో 2015 డిసెంబరులో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఆఫీసు బోర్డు మారింది గానీ మేయర్ కుర్చీలో కూర్చునే మనిషి రాలేదు.

అక్కడికి గంటన్నర దూరంలో ఉన్న విజయనగరం కూడా అప్పుడే కార్పొరేషన్ అయింది. కానీ 2021 మార్చి 10న అక్కడ 50 డివిజన్లకు పోలింగ్ జరిగింది. శ్రీకాకుళం జిల్లాలోనే ఇచ్ఛాపురం, పలాస-కాశీబుగ్గ, పాలకొండ ఓటేశాయి. జిల్లా కేంద్రం మాత్రం చూస్తూ ఉండిపోయింది.

కారణం ఏమిటంటే విలీనం. పెద్దపాడు, పాత్రునివలస లాంటి చుట్టుపక్కల పంచాయతీలను పట్టణంలో కలపడం, దానిమీద కోర్టు వివాదాలు, వార్డుల విభజన తేలకపోవడం. ఇందులో ఎక్కువ నష్టపోయింది ఆ విలీన గ్రామాలవాళ్లే. సర్పంచ్ పోయాడు, గ్రామసభ పోయింది, వాటి బదులు రావాల్సిన కార్పొరేటర్ రాలేదు. ఇంటి పన్ను మాత్రం పట్టణం లెక్కన!

కోర్టులో కేసు ఉంటే ప్రభుత్వం ఏం చేస్తుంది అని కొందరంటారు. రాజ్యాంగంలోని 243-యు అధికరణ పట్టణ పాలకవర్గానికి అయిదేళ్ల గడువు పెట్టింది, అది ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది: గడువులోగా ఎన్నిక జరపడం తప్పనిసరి, ఓటర్ల జాబితా సవరణ లాంటి సాకులు చెల్లవని. ఆ తీర్పు వచ్చిన నాలుగేళ్లకు శ్రీకాకుళం కౌన్సిల్ గడువు ముగిసింది. వివాదం ఒక ఏడాది ఆపితే అర్థం చేసుకోవచ్చు. పదిహేనేళ్లు ఆగిందంటే తొందర ఎవరికీ లేదనే అనుకోవాలి. రెండు పార్టీలూ ఈ మధ్యలో అధికారంలో ఉన్నాయి మరి.

ప్రత్యేకాధికారి ఉంటే పనులు జరగవా? జరుగుతాయి. కొన్నిసార్లు త్వరగానే జరుగుతాయి. ఇక్కడ ప్రత్యేకాధికారి అంటే జిల్లా కలెక్టరే. ధాన్యం కొనుగోలు నుంచి తుపాను హెచ్చరికల దాకా ఆయన నెత్తిమీదే. అందులో ఒక ముక్క ఈ కార్పొరేషన్. బడ్జెట్, టెండర్లు, పన్నుల మీద కౌన్సిల్ కూర్చుని వాదించుకోవాల్సిన తీర్మానాలు ఒక్క సంతకంతో అయిపోతాయి. "మా వీధి కాలువ ఎందుకు వదిలేశారు?" అని నిలదీసే నోరు ఆ గదిలో లేదు. పైగా కేంద్ర ఆర్థిక సంఘం నిధులకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలనేది ఒక షరతు. 2018 నుంచి 2021 వరకు పంచాయతీ ఎన్నికలు జరగక మన రాష్ట్రంలో గ్రామాల నిధులు ఆగిపోయిన సంగతి సర్పంచ్‌లనడిగితే చెప్తారు.

2018 అంటే సిక్కోలు వాళ్లకి తిత్లీ గుర్తొస్తుంది. ఆగస్టు మొదట్లో సర్పంచ్‌ల పదవీకాలం అయిపోయింది. అక్టోబరు 11న పలాస తీరంలో తుపాను విరుచుకుపడింది. ఎవరి కొబ్బరితోట పోయింది, ఎవరి జీడితోట పోయింది, ఎవరి ఇల్లు కూలింది అన్న లెక్క కట్టే సమయానికి ఊళ్లో జనం ఎన్నుకున్న సర్పంచ్ లేడు. తన పేరు జాబితాలో లేదన్నవాడు ఎవరి గడప తొక్కాలి?

ఇది అందరి సమస్యే. అయితే మన ఇళ్లకు ఇంకో మెలిక ఉంది. ఒకప్పుడు ఫౌజుదార్లు కూర్చుని పాలించిన చికాకోల్ ఇదే అయినా, 2011 జనాభా లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లోనూ ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. అదీ చెల్లాచెదురుగా. సొంత ఓట్లతో వార్డు గెలవడం చాలాచోట్ల కుదరని పని. అందుకే చట్టం కో-ఆప్షన్ దారి పెట్టింది. మండల పరిషత్‌లో ఒక మైనారిటీ సభ్యుడు, జిల్లా పరిషత్‌లో ఇద్దరు, మున్సిపల్ కౌన్సిళ్లలోనూ మైనారిటీలకు చోటు. వాళ్లకు ఓటు హక్కు ఉండదు, మాట్లాడే హక్కు ఉంటుంది. ఖబరస్తాన్ ప్రహరీ, ఈద్గా దారిలో దీపాలు, రంజాన్ నెలలో సహరీ వేళకి నీళ్లు... ఇవి రికార్డులోకి ఎక్కడానికి ఆ మాట చాలు. కానీ కో-ఆప్ట్ చేసేది ఎన్నికైన సభ్యులే. కౌన్సిలే లేనిచోట ఆ చిన్న తలుపు కూడా మూతపడుతుంది.

వార్డు సచివాలయం ఉందిగా, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉందిగా అంటారు. ఉన్నాయి, ఉపయోగమే. పింఛను ఆగితే, రేషన్ కార్డులో పేరు తప్పు పడితే అక్కడికే వెళ్లాలి. కానీ అర్జీ ఇవ్వడం వేరు, మష్వరాలో కూర్చోవడం వేరు. ఈ ఏడాది డబ్బు ఏ మొహల్లాకి, ఏ పనికి అన్నది తేలేది ఆ కూర్చున్నచోట. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఆర్భాటం ఎక్కువే అనిపించినా, పనుల జాబితా జనం ముందు చదవడం మంచిదే. పక్క పల్లెకి దక్కిన ఆ ఒక్కరోజు కూడా శ్రీకాకుళం పట్టణానికి లేదు.

విజయనగరం సంబరపడిపోనక్కర్లేదు. 2021లో వచ్చిన పాలకవర్గం అయిదేళ్లు 2026 మార్చితో నిండుతాయి. పంచాయతీలదీ ఆ ఏడాదే. ఆలస్యం చేస్తే రెండు జిల్లాలూ ప్రత్యేకాధికారుల చేతికే.

ఈలోపు చేయగలిగిన పనులు రెండున్నాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, ప్రత్యేకాధికారి ఆమోదించిన తీర్మానాలు, మన వార్డు పనుల అంచనాలు, చెల్లింపుల నకళ్లు అడగొచ్చు. మసీదు కమిటీలో చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు చాలు దీనికి. రెండోది ఇంకా ముఖ్యం. వార్డుల విభజన ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువిస్తారు. మన గల్లీని నడిమికి కోసి రెండు వార్డుల్లో కలిపారా, ఓటర్ల జాబితాలో పేర్లు ఎగిరిపోయాయా అన్నది ఆ రోజుల్లోనే చూసుకుని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. అయ్యాక జుమా తర్వాత మసీదు మెట్ల మీద ఎంత మాట్లాడుకున్నా ఆ గీత మారదు.