డిస్కు బాగుపడింది, గ్రంథం పోయింది

హార్డ్ డిస్కు చెడిపోయిందని చెప్పగానే "దాందేముందండీ, బాగుచేయించేయండి" అని సలహా ఇచ్చే శ్రేయోభిలాషులంటే నాకు భయం. వారి మంచితనాన్ని శంకించను. నా తగవంతా ఆ "బాగుచేయించడం" అనే మాటతోనే. మిక్సీకీ, ఫ్యానుకూ, చేలో మోటారుకూ చక్కగా సరిపోయే ఆ మాట హార్డ్ డిస్కుకు సరిపోదు. సరిపోతుందని నమ్మడంవల్లనే మన గోదావరి జిల్లాలలో ఎన్నో పెళ్ళి ఫోటోలూ, వ్రాతప్రతులూ, కుటుంబ చరిత్రలూ దుకాణాల బల్లలమీదనే ప్రాణం విడుస్తున్నాయి.

మోటారు చెడితే మనకు కావలసినది మోటారే. అది మళ్ళీ తిరిగితే పని పూర్తయినట్టే. డిస్కు చెడినప్పుడు మనకు కావలసినది డిస్కు కాదు, దానిలో ఉన్నది. కొత్త డిస్కు బజారులో దొరుకుతుంది. పాత డిస్కు మరో పదేళ్ళు పనిచేయనక్కరలేదు. మొదటినుండి చివరిదాకా ఒక్కసారి చదవనిస్తే చాలు, తరువాత దాన్ని పారవేసినా చింత లేదు. ఈ తేడా తెలియని చేతికి డిస్కు నిచ్చామా, అతడు ఎంత నేర్పరి అయితే మనకు అంత నష్టం.

రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తమ తండ్రిగారి పద్యాలన్నీ డి.టి.పి. చేయించి కంప్యూటరులో దాచుకున్నారు. కాగితపు ప్రతి చెదలపాలయింది. ఒకనాడు డ్రైవు తెరుచుకోలేదు, ఫార్మాట్ చేయాలంటూ తెరమీద సందేశం వచ్చింది. దగ్గరలోని దుకాణానికి పంపారు. రెండు రోజుల తరువాత "బాగుచేశామండీ, ఇప్పుడు శుభ్రంగా పనిచేస్తోంది" అని ఇచ్చారు. నిజమే, పనిచేస్తోంది. ఖాళీగా పనిచేస్తోంది. "మా నాన్నగారి పద్యాలేవయ్యా?" అని ఈయన అడిగితే, "డిస్కు బాగుచేయమన్నారు కదండీ మాస్టారూ!" అని వచ్చింది సమాధానం. ఆ కుర్రవాడు అబద్ధం చెప్పలేదు, మోసమూ చేయలేదు. అడిగిన పని చేశాడు. అడిగిన మాటలోనే ఉంది ప్రమాదం.

ఆ కుర్రవాడి బల్లమీద ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. విండోస్‌లో చెక్‌డిస్క్ అనే ఉపకరణం ఉంది. ఫైళ్ళ పట్టికలో పొందిక కుదర్చడం దాని ధర్మం. పొందిక కుదరని వాటిని తుంచివేస్తుంది, లేదా పేర్లు లేని తునకలుగా ఒక మూల పడవేస్తుంది. దాని దృష్టిలో అది మరమ్మతే. ఇక ఫార్మాట్ సంగతి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో పూర్తి ఫార్మాట్ చేసినా పాత అక్షరాలు చాలావరకు పళ్ళెంమీద మిగిలేవి. 2007లో జనానికి అందిన విస్టానుండి పూర్తి ఫార్మాట్ డిస్కంతటా సున్నలు వ్రాస్తుంది. ఆపైన ఏ నిపుణుడికీ చదవడానికేమీ ఉండదు. "ఫార్మాట్ చేసినా రికవరీ అవుతుందిలెండి" అనే ధైర్యం ఏనాటి జ్ఞాపకమో గమనించారు కదా.

యంత్రభాగమే చెడితే సంగతి మరీ సున్నితం. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్ళెంమీద చదివే ముల్లు ఆనకుండా తేలుతూ ఉంటుంది. మధ్య ఎడం కొద్ది నానోమీటర్లు మాత్రమే. మన వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు. కంటికి కనపడని ధూళికణం కూడా ఆ సందులో బండరాయే. అటువంటి దానిని పైన ఫ్యాను తిరుగుతుండగా, తలుపులు బార్లా తెరిచిన గదిలో మూత విప్పి "చూద్దాం" అనేవారి సాహసానికి ఏమని పేరు పెట్టాలి? టక్‌టక్‌మని చప్పుడు చేసే డిస్కును పదేపదే ఆన్ చేసి చూడడమూ అంతే. గాయపడిన ముల్లు తిరిగిన ప్రతిసారీ పళ్ళెంమీది పూతను గీరివేయవచ్చు. ఆ రాలినది పొడి కాదు, మన అక్షరాలు. అదే మోడలు డిస్కునుండి బోర్డు తీసి తగిలించే చిట్కా కూడా ఈ తరం డిస్కులలో సాధారణంగా చెల్లదు. ప్రతి డిస్కుకూ ప్రత్యేకమైన కొలతలు దాని బోర్డులోని చిప్పులో ఉంటాయి, ఆ చిప్పును కూడా మార్చాలి.

మన పూర్వులకు ఈ విషయం మనకన్నా బాగా తెలుసు. నన్నయగారు రాజమహేంద్రవరంలో భారతాన్ని వ్రాసిన ఆకులను మనలో ఎవరూ చూడలేదు. చూసింది ప్రతులకు ప్రతులను. తాటాకు శిథిలమైనప్పుడు లేఖకుడు ఆకును బాగుచేయాలని కూర్చోలేదు. విరిగేలోగా ఇంకో ఆకుమీదికి ఎక్కించాడు. పురుగు తిన్నచోట అక్షరాలు కనపడకపోతే అంతమేర ఖాళీ విడిచి ముందుకు సాగాడు. దానినే మన పరిష్కర్తలు "గ్రంథపాతం" అన్నారు. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌను ఒకే గ్రంథానికి పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులచేత కాగితంమీద వ్రాయించి, ఒకదానితో ఒకటి పోల్పించాడు. ఒక ప్రతిలో పాతమైనది మరొక ప్రతిలో దొరికేది.

డీడీరెస్క్యూ అనే ఉచిత లినక్స్ ఉపకరణం అచ్చంగా ఆ లేఖకుడి పద్ధతినే పాటిస్తుంది. తేలికగా చదవగలిగిన భాగాలన్నీ ముందు మరో డిస్కుమీదికి ఎక్కిస్తుంది. మొరాయించినచోట పంతం పట్టక, దాటి వెళ్ళిపోతుంది. ఎక్కడెక్కడ విడిచిందో చిట్టా వ్రాసుకుంటుంది. చివరికి ఆ చిట్టా పట్టుకుని విడిచిన చోట్లకు మళ్ళీ వస్తుంది. ఆపైన చేసే వెదుకులాటంతా ప్రతిమీదనే, మూలాన్ని ముట్టరు. ప్రతి తీయకుండా మూలంమీదనే ప్రయోగాలు చేసేవాడు తాటాకును సానమీద రుద్దేవాడితో సమానం.

"కొలంబియా డిస్కు సంగతి ఏమంటారు?" అని అడిగేవారుంటారు. చెప్తాను. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ వ్యోమనౌక శకలాలలో కరిగి మాడిపోయిన ఒక హార్డ్ డిస్కు దొరికింది. అందులోని ప్రయోగ ఫలితాలలో 99 శాతం దాకా వెలికితీశారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. అయితే అక్కడ ఎవరూ ఆ డిస్కును బాగుచేయలేదు. పళ్ళేలను శుభ్రంచేసి వేరొక డిస్కులోకి మార్చి చదివారు. ఆ కథ నా వాదానికే సాక్ష్యం. ఆకాశంనుండి పడిన డిస్కు బతకగలిగినది, మన వీధి చివర బల్లమీద చచ్చిపోతున్నదంటే, దోషం డిస్కుది కాదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారి, లంక గ్రామాలు మునిగాయి. నీళ్ళలో నానిన కంప్యూటర్లను ఎండలో పెట్టి "ఆరింది కదా" అని స్విచ్చి వేయడం మన దగ్గర సహజం. ముల్లు దారిలో ఎండిన ఒండ్రు ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా? అటువంటప్పుడు చేయవలసిన గొప్ప పని స్విచ్చి వేయకపోవడమే.

ఇక వచ్చే ఆక్షేపణ ఒకటుంది: "క్లీన్‌రూములూ, మహానగరాల కంపెనీలూ ధనవంతులకండీ. చిన్న దుకాణంవాడి పొట్ట కొట్టకండి." నేను కొట్టడం లేదు. పాతబడిన ప్రతి వస్తువుకూ మరుజన్మ నిచ్చే మన మెకానిక్కులంటే నాకు గౌరవం. వారిని క్లీన్‌రూం కట్టమనడం లేదు. ముందు ప్రతి తీయమంటున్నాను, దానికి కావలసినది ఒక ఖాళీ డిస్కూ, ఒక ఉచిత సాఫ్టువేరూ, ఒక రాత్రి ఓపికా. చప్పుడు చేసే డిస్కును తెరవకుండా "ఇది నా చేతిలో లేదండీ" అనమంటున్నాను. ఈ మాటకు ఖర్చేమీ లేదు. ఊళ్ళో వైద్యుడు పెద్దాసుపత్రికి చీటీ వ్రాస్తే ఆయన పరువేమైనా పోతుందా?

మనవైపు బాధ్యతా ఉంది. దుకాణంలో "బాగుచేయండి" అనడం మానాలి. "ఇందులో ఉన్నది కావాలి, డిస్కు పోయినా ఫరవాలేదు, దీనిమీద ఏమీ వ్రాయవద్దు" అని కాగితంమీద వ్రాసి ఇవ్వాలి. ప్రతి తీశాకనే పని మొదలుపెడతారా అని అడగాలి. బదులు నీళ్ళు నమిలినట్టుంటే డిస్కు వెనక్కి తెచ్చుకోవాలి.

యూనికోడు పక్షపాతులైన బ్లాగ్మిత్రులకు మరొక్క మాట. డిస్కునుండి ఫైలు వచ్చినంతమాత్రాన తెలుగు రాదు. మన డి.టి.పి. కేంద్రాల సంపదంతా పేజ్‌మేకరులో, అను వంటి పాత ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకరు చివరి ప్రధాన రూపం 2001లో వచ్చిన 7.0. ఫాంటు లేని యంత్రంలో ఆ పద్యాలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అదీ గ్రంథపాతమే, డిస్కు చెక్కుచెదరకపోయినా. కనుక మీ దగ్గరున్న పాత ఫైళ్ళను, డిస్కు ఆరోగ్యంగా ఉండగానే, యూనికోడులోకి మార్చండి. రెండు ప్రతులు తీయండి. ఒకటి మీ ఊళ్ళోనూ, ఒకటి గోదావరి ముంచలేని మరో ఊళ్ళో బంధువుల ఇంట్లోనూ ఉంచండి. కొత్త ఎస్‌.ఎస్‌.డి.లున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. వాటిలో చెరిపివేసిన ఫైలు వెనక్కి రావడం పాత డిస్కులలోకన్నా అరుదు.

తాటాకు తరానికి చెదలంటే భయం ఉండేది, అందుకే ప్రతులు వ్రాసుకున్నారు. మనకు రికవరీ దుకాణం ఉందన్న ధైర్యం వచ్చింది, అందుకే వ్రాసుకోవడం లేదు. ఆ ధైర్యం పోవాలనే ఇంత కటువుగా వ్రాశాను.