వాన లెక్కలో సున్నలు

2023 ఆగస్టు పుస్తకం తీస్తే పేజీ నిండా నా చేతిరాతలో సున్నలే. 0.0, 0.0, 0.0. మధ్యలో ఒకచోట 1.2. ఇంకొకచోట 'తుంపర, కొలతకు అందలేదు'. మళ్లీ సున్నలు. ఆ ఏడు శ్రావణమాసం రెండుసార్లు వచ్చింది. అధిక శ్రావణం ఎండతోనే వెళ్లిపోయింది. నిజ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు కూడా మా వీధి ఆడవాళ్లు కొంగుతో చెమట తుడుచుకుంటూ వాయనాలు పంచుకున్నారు. మృగశిర కార్తెతో సెలవు తీసుకోవాల్సిన వేసవి పుబ్బ కార్తె వచ్చినా కదల్లేదు.

ముప్పై ఏళ్లకు పైగా అనంతపురం జిల్లాలో వాన కొలతలు, బోర్ల నీటిమట్టాలు చూసే పనిలో ఉన్నాను. వాన పడిన రోజు ఎంత పడిందని అందరూ అడుగుతారు. పడని రోజులు ఎన్నయ్యాయని అడిగేవాళ్లు తక్కువ. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో లెక్క.

ఆ ఆగస్టులో దేశం మొత్తం మీద కురిసింది 162.7 మిల్లీమీటర్లు. కురవాల్సింది 254.9. అంటే 36 శాతం లోటు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. చిత్రమేమంటే ఆ నెల మొదలవడానికి అయిదు రోజుల ముందు, జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో నమోదైన అతి పెద్ద వాన అది. మా అనంతపురానికి ఏడాది పొడుగునా పడాల్సిన వాన సుమారు 550 మి.మీ. మాకు సంవత్సరానికి రానిది వాళ్లకు ఒక రాత్రీ పగలులో వచ్చింది, ఊళ్లను ముంచింది. ఆ తర్వాత నెల రోజులు ఆకాశం ఎటు చూసినా తెల్లగా ఉంది. సీజన్ ముగిశాక దేశపు లెక్క వేస్తే సగటులో 94 శాతం వచ్చింది. ఆరు శాతమే లోటు అని చదివినవాడికి భయం ఎందుకేస్తుంది? అదే ఏడాది అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది.

ఇది ఒక్క ఏడాది సంగతైతే నేనింత ఆరాటపడను. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వాతావరణ మార్పు మీద ఒక అంచనా వెలువరించింది. 1951 నుంచి 1980 దాకా ఉన్న ముప్పై ఏళ్లతో పోలిస్తే, 1981 నుంచి 2011 మధ్య నైరుతి కాలంలో వాన లేని విరామాలు 27 శాతం ఎక్కువగా వచ్చాయని అందులో తేల్చారు. కురిసినప్పుడు కురిసే తీవ్రత కూడా పెరిగింది. అంతకుముందు 2006లోనే గోస్వామి, ఆయన తోటి శాస్త్రవేత్తలు మధ్య భారతం లెక్కలు తీసి, భారీ వానలు పెరుగుతున్నాయి, మోస్తరు వానలు తగ్గుతున్నాయి, మొత్తం మాత్రం పెద్దగా మారడం లేదని చూపించారు. మెట్ట రైతుకు అన్నం పెట్టేది ఆ మోస్తరు వానే. కుంభవృష్టి చేనుగట్టు తెంచి పోతుంది. పదును ఇచ్చే వాన నేలలోకి దిగుతుంది.

మా జిల్లా లెక్క దగ్గరికి వస్తాను. నైరుతి నాలుగు నెలలకు మాకు రావాల్సింది 338 మి.మీ. జూన్‌లో 64, జులైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118. వాతావరణ శాఖ కొలబద్ద ప్రకారం దీనికి 19 శాతం తగ్గినా అది 'సాధారణ వర్షపాతం' కిందికే వస్తుంది. అంటే 274 మి.మీ. పడినా సాధారణమే. ఆ 274లో సగం సెప్టెంబరు చివరి పది రోజుల్లో పడిందనుకోండి. జులైలో విత్తిన వేరుశనగ ఆగస్టులో ఊడలు దిగే దశకు వచ్చి ఉంటుంది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. ఆ చెట్టుకు సెప్టెంబరు వాన ఆకునిస్తుంది, కాయనివ్వదు. కాగితం మీద జిల్లా పచ్చరంగులోనే ఉంటుంది.

అందుకే మొత్తం కన్నా విరామం ముఖ్యమని మేం మొత్తుకునేది. మన ఎర్రనేలలు చాలాచోట్ల లోతు తక్కువ. మంచి వాన తర్వాత రెండు వారాలు పచ్చగా ఉన్న చేను మూడో వారం మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. నాలుగో వారం ఉదయం పూట కూడా లేవదు. కరవును గుర్తించే కేంద్ర మార్గదర్శకాలు కూడా ఈ సంగతిని ఒప్పుకున్నాయి. వారానికి పడాల్సిన దాంట్లో సగం కూడా పడకుండా మూడు నాలుగు వారాలు వరుసగా గడిస్తే దాన్ని డ్రై స్పెల్ అంటారు. వ్యవసాయాధికారులు, పత్రికలు ఆ మాటే వాడతారు. రైతు మాత్రం బెట్ట అంటాడు.

ఇక్కడే మెలిక ఉంది. ఆగస్టులో మాకు వారానికి పడాల్సింది 20 మి.మీ. అందులో సగం 10. ఇరవై రోజుల బెట్ట తర్వాత మండల కేంద్రంలోని రెయిన్‌గేజ్ మీద ఒక సాయంత్రం 11 మి.మీ. జల్లు పడితే ఆ మండలం మొత్తానికి డ్రై స్పెల్ తెగినట్టే. లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ జల్లు ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఊరి మీద పడిందా లేదా అన్నది ఎక్కడా రాసి ఉండదు.

రెయిన్‌గేజ్ ఎంత ఉంటుందో చాలామంది చూసి ఉండరు. పాతకాలపు సైమన్స్ గేజ్ మూతి అడ్డం 127 మిల్లీమీటర్లు, పాత లెక్కలో అయిదంగుళాలు. భోజనం పళ్లెంలో సగం ఉండదు. ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. సగటున ఒక్కో మండలం 300 చదరపు కిలోమీటర్లు. మండలానికి ఒక గేజ్ ఉందంటే, మూడు వందల చదరపు కిలోమీటర్ల నేల తరఫున ఆ అయిదంగుళాల మూతి సాక్ష్యం చెబుతోందన్నమాట. నిబంధనల ప్రకారం చూస్తే ఇదేమీ తక్కువ కాదు. మైదాన ప్రాంతాల్లో 520 చదరపు కిలోమీటర్లకు ఒక గేజ్ చాలునని భారతీయ ప్రమాణం చెబుతుంది. నదీ పరీవాహకంలో ఎంత నీరు దిగిందో లెక్కకట్టే ఇంజనీరుకు అది సరిపోతుంది. మే నెల సాయంత్రం పడమట లేచి, పది మైళ్లు కూడా నడవకుండా కరిగిపోయే ఉరుముల మబ్బుకు అది సరిపోదు. ఎద్దు కొమ్ముల్లో ఒకటి తడిసి రెండోది తడవని వాన అని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు.

ఆ మధ్య కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో నా చేతిలో మండల లెక్కల కాగితం చూసి ఒక పెద్దాయన చెప్పులు విడిచి చేనులోకి రమ్మన్నాడు. చేత్తో మట్టి తవ్వి చూపించాడు. పై అంగుళం కాస్త నల్లబడి ఉంది, కింద అంతా దుమ్ము. "మీ కాగితంలో పడినాది సార్, మా చేన్లో పడలే" అన్నాడు. నా దగ్గర ఉన్నది 14 మి.మీ. అనే అంకె. అబద్ధం కాదు అది. ఆయన చేతిలోని మట్టీ అబద్ధం కాదు.

ఇప్పుడు ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాయి, మంచిదే. లోపల ఒక చిన్న తొట్టి ఉంటుంది. నిండినప్పుడల్లా ఒరిగి ఒక లెక్క పంపుతుంది. ఎవరూ గొడుగు పట్టుకుని వెళ్లక్కర్లేదు. కానీ మనిషి వెళ్లని చోట ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. ఒక కార్యాలయం ఆవరణలో వేపచెట్టు కింద పెట్టిన గేజ్ మూత తీస్తే గొట్టం నోట్లో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంది. గూడు పక్కన ఎండిన వేపాకు పొర. అది ఎన్నాళ్లుగా సున్నలు పంపుతోందో దానికే తెలియాలి. వేసవిలో ఆ సున్నను ఎవరూ అనుమానించరు, ఎండలు మండుతున్నాయి కాబట్టి సున్నే రావాలనుకుంటాం. తొలకరి నాలుగు వానలూ అలా సున్నలుగా పోయాక ఎవరికో అనుమానం వచ్చి మూత తీస్తారు.

చేత్తో రాసే పుస్తకాల్లో జబ్బు ఇంకో రకం. వాన లేని రోజు గడి ఖాళీగా వదిలేస్తారు. పడలేదు కదా, ఏం రాయాలి అంటారు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాడికి ఆ ఖాళీ గడి ఏమని అర్థమవుతుంది? వాన పడలేదనా, మనిషి రాలేదనా? రెండిటికీ మధ్య ఉన్న తేడా మీద పంట బీమా ఆధారపడుతుంది. వాతావరణ ఆధారిత బీమాలో పొలాన్ని చూసి పరిహారం ఇవ్వరు. నిర్దేశించిన కేంద్రంలో పొడి రోజులు వరుసగా ఎన్ని నడిచాయో లెక్కపెట్టి ఇస్తారు. 2.5 మి.మీ. పడితేనే అది వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు. ఒక పాడైన గేజ్, ఒక ఖాళీ గడి, చెట్టు కొమ్మ నుంచి రాలిన నాలుగు చినుకులు చాలు, ఊరి మొత్తం ఏడాది కష్టం అటో ఇటో ఒరుగుతుంది.

భూమి కింది సంగతి మరీ మెల్లగా నడుస్తుంది, అందుకే మరీ ప్రమాదం. మాది గ్రానైటు నేల. కురిసిన వానలో భూగర్భానికి చేరేది నూటికి 8 నుంచి 11 వంతులని భూగర్భ జలాల అంచనాకు వాడే ప్రమాణాలు చెబుతాయి. 550 మి.మీ. వాన పూర్తిగా పడిన ఏడాది కూడా కిందికి దిగేది 44 నుంచి 60 మి.మీ. మాత్రమే. ఒక ఎకరం వరికి బోరు నుంచి తోడే నీళ్లు తక్కువలో తక్కువ వెయ్యి మి.మీ. పైనే. అంటే ఒక ఎకరం వరి దాదాపు ఇరవై ఎకరాల మీద పడిన వాన తాలూకు ఊటను తాగేస్తుంది. వాన తగ్గిన ఏడాది ముప్పై ఎకరాలది. ఈ లెక్క తెలియకుండా పక్కవాడి కన్నా వంద అడుగులు లోతుకు బోరు వేయడం అప్పులు తవ్వుకోవడమే.

ఈ లెక్క ఊరివాళ్లకు ఎక్కదని అనేవాళ్లున్నారు. ఎక్కుతుంది. 2000ల్లో ఏడు కరవు జిల్లాల్లో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండలో, రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. ఆరు వందలకు పైగా ఊళ్లలో ఆడా మగా కలిసి రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం చూశారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీళ్లెన్ని ఉన్నాయి, ఏ పంట ఎన్ని తాగుతుంది అని గోడ మీద రాసుకున్నారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు వెళ్లినవాళ్లు చాలామంది. ఎవరూ జీవో ఇచ్చి మాన్పించలేదు. తమ చేత్తో రాసిన అంకెను మనిషి తోసిపుచ్చలేడు.

2023లో కేంద్రం ప్రతి పంచాయతీకీ ఒక ఆటోమేటిక్ రెయిన్‌గేజ్ ఉండాలన్న లక్ష్యంతో విండ్స్ అనే పథకం తెచ్చింది. అది రావాలి, త్వరగా రావాలి. వచ్చాక దాని మూత నెలకొకసారి తీసి చూసే మనిషి పేరు పంచాయతీ రిజిస్టర్‌లో ఉండాలి. అది వచ్చేలోగా, వచ్చిన తర్వాత కూడా, ఊళ్లో ఇంకో పుస్తకం నడవాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. గోడలు నిలువుగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకుని, మెడ కింద వంపు పూర్తయ్యే చోట కోసి, ఆ పైభాగాన్ని తలకిందులుగా అందులోనే గరాటులా దించండి. అడుగున గుంటలుంటాయి కాబట్టి అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్న గీత పెట్టండి. అక్కడి నుంచి స్కేలు అతికించండి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, ఎకరానికి 4,047 లీటర్లు. ట్రాక్టరు వెనక వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకరుకు కాస్త తక్కువ. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, ఖాళీ చోట, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి. వాతావరణ శాఖ చూసే వేళకే, ఉదయం ఎనిమిదిన్నరకు, మీరూ చూడండి. వేసవిలో ఒక జాగ్రత్త. మే ఎండకు రోజుకు 10 మి.మీ. దాకా నీరు ఆవిరవుతుంది. మధ్యాహ్నం పడిన చిన్న జల్లును మర్నాటిదాకా ఆపితే సున్న గీత పైన ఏమీ మిగలదు. వాన వెలిసిన వెంటనే చూసి రాసుకుని, నీళ్లు పారబోసి, సున్న గీత దాకా మళ్లీ పోయండి. మర్నాడు ఉదయం మిగతాది కలపండి.

బడి పిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది. సెలవుల్లో ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి, ఎందుకంటే వేసవి సెలవుల్లోనే ఆ పుస్తకం అవసరం ఎక్కువ. గడి ఖాళీగా వదలొద్దు. ఊరెళ్లి చూడకపోతే 'చూడలేదు' అని రాయండి. చూసి, నీళ్లు సున్న గీత దాటకపోతే, తేదీ వేసి సున్న పెట్టండి.