తాళమూ వారిదే, తనిఖీ వారిదే

తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు జైలు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 2012 మే నుంచి మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా చంచల్‌గూడలో ఉన్నారు. రేవంత్ రెడ్డి 2015లో నెల రోజులు చర్లపల్లిలో గడిపారు. చంద్రబాబు నాయుడు 2023లో యాభై రోజులకు పైగా రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉన్నారు. ముగ్గురూ రిమాండ్ ఖైదీలే, అంటే నేరం రుజువు కాకుండానే లోపలికి వెళ్లినవారే. ఆ కేసుల మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. ఇంత దగ్గరగా జైలును చూసినవారి చేతికి అధికారం వచ్చాక మన తాలూకా ఊళ్ల సబ్‌జైళ్లలో ఏం మారింది అన్నదే మా ప్రశ్న.

చంద్రబాబుకు ఇంటి భోజనం, మందులు, ప్రత్యేక గది ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఉక్కపోతకు ఒంటి మీద దద్దుర్లు వస్తే డాక్టర్ల సలహా చూసి ఏసీ పెట్టమనీ చెప్పింది. తప్పేమీ లేదు, నిందితుడి ఆరోగ్యం చూడడం కోర్టు బాధ్యతే. కానీ అదే ఉక్కపోత, అదే దద్దుర్లు సబ్‌జైలు బ్యారక్‌లో పడుకున్నవాడికీ ఉంటాయి. వాడి తరఫున పిటిషన్ వేసే సీనియర్ లాయరు ఉండడు. ఫ్యాను తిరగడం లేదని, మరుగుదొడ్డిలో నీళ్లు రావడం లేదని ఎవరికి చెప్పుకోవాలి? తనకు తాళం వేసినవాడికే చెప్పుకోవాలి.

అసలు జబ్బు ఇదే. సబ్‌జైల్లో మనిషిని బంధించేదీ, తిండి పెట్టేదీ, ఆస్పత్రికి పంపాలా వద్దా అని తేల్చేదీ, ఎవరైనా చనిపోతే మొదటి నివేదిక రాసేదీ ఒకే శాఖ. ములాఖత్‌కు వచ్చిన భార్య ఎంతసేపు మాట్లాడాలో కూడా ఆ శాఖ సిబ్బందే చెబుతారు. బయటివాడి కన్ను పడని చోట మంచి జైలరు ఉంటే ఖైదీల అదృష్టం, లేకపోతే వాళ్ల ఖర్మ. మంచి జైలర్లు లేరని కాదు. ఒక మనిషి ప్రాణం జైలరు మంచితనం మీద ఆధారపడడాన్ని పరిపాలన అనరు.

అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు కథ పాతదే గానీ మళ్లీ చెప్పుకోవాలి. 1977లో ఒక కేసులో అరెస్టయిన తండ్రీకొడుకులను ఆ జైలు ఏడో నంబరు గదిలో పెట్టారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని వాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. మే 5వ తేదీ రాత్రి తెల్లవారితే 6 అనగా దుండగులు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. సర్కారు తాళం వేసిన గదిలో, సర్కారు కాపలా ఉండగా జరిగిన హత్య అది. కొడుకు నష్టపరిహారం కోసం దావా వేస్తే రాష్ట్ర ప్రభుత్వం ఏమన్నదో తెలుసా? జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికారం కిందికి వస్తుంది కాబట్టి పరిహారం కట్టే పూచీ మాకు లేదంది. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు లక్షా 44 వేల రూపాయలు వడ్డీతో ఇమ్మంది. ఆ సొమ్ము కూడా ఇవ్వకుండా ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2000 ఏప్రిల్‌లో ఓడిపోయింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులంతా చదివే తీర్పు అది. జైలుకెళ్లినంత మాత్రాన మనిషి జీవించే హక్కు పోదని, ఆ హక్కును కాలరాసి సార్వభౌమాధికారం చాటున దాక్కోవడం కుదరదని అందులో కోర్టు తేల్చి చెప్పింది. ఆ మాట చెప్పించుకోవడానికి 23 ఏళ్లు పట్టింది. కొడుకు పట్టుదల, పలుకుబడి ఉన్నవాడు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. ఆ పక్క గదిలో ఏ కోడి దొంగో చనిపోయి ఉంటే కేసు పేరు కూడా మనకు తెలిసేది కాదు.

పర్యవేక్షణకు ఏర్పాట్లు లేవా అంటే, కాగితం మీద కావలసినన్ని ఉన్నాయి. తీహార్ జైల్లో తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బత్రా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి జైళ్లకు వెళ్లాలని, ఖైదీలను విడిగా కలిసి వాళ్ల మాట వినాలని, ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని అప్పుడే చెప్పింది. అధికారులతో పాటు ప్రభుత్వంతో సంబంధం లేని పౌరులూ సందర్శకులుగా ఉండే బోర్డు ప్రతి జైలుకూ ఉండాలని జైలు మాన్యువళ్లు చెబుతున్నాయి. అనధికార సందర్శకుల నియామకం సంగతి 2015లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తు చేసింది. 2024 అక్టోబరులో, జైళ్లలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో, జిల్లా న్యాయసేవా సంస్థలూ సందర్శక బోర్డులూ కలిసి తనిఖీలు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పు వేలెత్తి చూపిన నిబంధనల్లో ఆంధ్రప్రదేశ్ జైలు నియమావళీ ఉంది. ఒకనాడు దొంగజాతులని ముద్ర వేసిన వారిని ఇంకా అనుమానంగానే చూసే రాతలు అందులో మిగిలిపోయాయి.

ఒకే మాటను 44 ఏళ్ల పాటు దేశంలోకెల్లా పెద్ద కోర్టు చెబుతూ రావలసి వచ్చిందంటే వినేవాళ్లు లేరని అర్థం. మన రెండు రాష్ట్రాల్లో ఏ సబ్‌జైలుకు సందర్శక బోర్డు ఉంది, అది చివరిసారి ఎప్పుడు వెళ్లింది, పుస్తకంలో ఏం రాసింది, రాసినదాని మీద ఎవరు ఏం చేశారు? మామూలు పౌరుడు ఈ ప్రశ్నలు అడిగితే జవాబు దొరికే చోటు లేదు. వెళ్లినా ముందు రోజు కబురు చేసి వెళ్లే తనిఖీకి విలువేముంటుంది? పెళ్లివారు వస్తున్నారని తెలిశాక ఇల్లు సర్దనివాళ్లుండరు. మనకు 1894 జైళ్ల చట్టం అంటగట్టి పోయిన బ్రిటన్, తన దేశంలో మాత్రం 1980ల నుంచి జైళ్ల శాఖతో సంబంధం లేని చీఫ్ ఇన్‌స్పెక్టరును నడుపుతోంది. చెప్పకుండా వెళ్లడం, చూసింది అచ్చువేసి అందరి ముందూ పెట్టడం ఆ పదవిలో ఉన్నవారి పని. అక్కడి జైళ్లు స్వర్గాలేమీ కావు. ఎంత అధ్వానంగా ఉన్నాయో అక్కడి జనానికి తెలుస్తోంది, అంతే తేడా.

ఉన్న ఒక్క కిటికీ కూడా ఇప్పుడు మూసుకుపోతోంది. రిమాండ్ పొడిగించడానికి ఖైదీని ఎస్కార్టుతో కోర్టుకు తీసుకెళ్లిన రోజుల్లో వాడి మొహం మీద దెబ్బ ఉంటే మేజిస్ట్రేటుకు కనబడేది. వరండాలో బంధువులకు నాలుగు మాటలు చెప్పుకునేవాడు. ఇప్పుడు వీడియోలో హాజరుపరిస్తే చాలు. ఎస్కార్టు ఖర్చు తగ్గింది, నిజమే. కానీ జైలు సిబ్బంది పక్కన నిలబడి ఉండగా తెర ముందు కూర్చుని, తనను కొట్టారని ఏ ఖైదీ చెబుతాడు?

మన జైళ్లలో ఉత్తరాది అంత రద్దీ లేదని అధికారులు అంటారు. అది నిజమే. 2022లో దేశం మొత్తం మీద 4,36,266 మంది పట్టే జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. తెలుగు రాష్ట్రాల సగటు అంతకంటే తక్కువే. అయితే సగటులో ఎవరూ పడుకోరు. పడుకునేది ఒక ఊరి సబ్‌జైలు గదిలో. ఆ గది సంగతి సగటు చెప్పదు. ఆ ఏడాది దేశంలోని ఖైదీల్లో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ పూర్తి కానివారే. సబ్‌జైళ్లు నిండేది ముఖ్యంగా వీళ్లతోనే.

అదే ఏడాది జైళ్లలో 1,995 మంది చనిపోయారు. అందులో 1,773 మందివి సహజ మరణాలట. చాలా సబ్‌జైళ్లలో రాత్రిపూట డాక్టరు ఉండడు, ఎవరికైనా గుండెనొప్పి వస్తే సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, దానికి వాహనమూ ఎస్కార్టూ కుదరాలి. ఇవన్నీ కుదిరేలోపు ప్రాణం పోతే అది ఏ లెక్కన సహజం? ఈ సహజ, అసహజ విభజనే అయోమయంగా ఉందని 2017లో సుప్రీంకోర్టు కూడా అంది. సకాలంలో వైద్యం అందక చనిపోయినవారిని ఏ గడిలో వేస్తున్నారో రెండు రాష్ట్రాల జైళ్ల శాఖలూ చెప్పాలి.

బెయిల్ వచ్చినా బయటికి రాలేనివారి సంగతి మరీ సిగ్గుచేటు. జామీను ఇచ్చే ఇద్దరు మనుషులు దొరకక, వాళ్ల దగ్గర ఆస్తి కాగితాలు లేక జైల్లోనే ఉండిపోతారు. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జిల్లా న్యాయసేవా సంస్థకు జైలు సూపరింటెండెంటు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. బెయిల్ కోసం 40 వేల దాకా సాయం చేసే కేంద్ర పథకం కూడా అదే ఏడాది వచ్చింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపేస్తే, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు, ఒకటికి మించి కేసులున్నవాళ్లు మినహా, విడిచిపెట్టాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. కోర్టుకు రాయవలసింది సూపరింటెండెంటే. రాయకపోతే ఆయన్ను అడిగేదెవరు?

రాజకీయ పార్టీలు అడగవు, ఎందుకంటే ఖైదీకి ఓటు లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం రిమాండ్ ఖైదీ కూడా ఓటు వేయలేడు. అదే జైల్లో ఉండి ఎన్నికల్లో పోటీ మాత్రం చేయవచ్చు! నాయకుడికి తెరిచి ఉంచిన తలుపు కూలివాడికి మూసేయడంలో మన చట్టసభలకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు.

కొత్త జైళ్ల చట్టాలు చేసుకోమని కేంద్రం 2023లో నమూనా పంపింది. ఆ చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు ఉన్నాయి. ప్రతి సబ్‌జైలుకు సందర్శక బోర్డు వేసి, ఖైదీల హక్కులు తెలిసిన లాయర్లనూ డాక్టర్లనూ మహిళలనూ అందులో పెట్టాలి, పార్టీ కార్యకర్తలకు పదవుల పందేరంగా మార్చకూడదు. చెప్పకుండా వెళ్లే అధికారం బోర్డుకు ఇవ్వాలి. సీసీ కెమెరాల రికార్డు నకలు జైలు బయట, న్యాయసేవా సంస్థ దగ్గర ఉండాలి. ఏ తేదీన ఎవరు వెళ్లారు, ఏం రాశారు, నెలలోగా ఏం చేశారు అన్నది జైళ్ల శాఖ వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టాలి. ఇందుకు కావలసింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. దాని మీద సంతకం పెట్టవలసిన ఇద్దరు ముఖ్యమంత్రులకూ జైలు గది ఎలా ఉంటుందో మేము వివరించనక్కర్లేదు. సంతకం ఎప్పుడు పెడతారో చెబితే చాలు.